కుందన వంతు

ఉదయపు వంతులు దిగడం దాదాపు పూర్తయింది. ఊరి వాయు గోళం మేత ముగించిన గేదెలా నిదానంగా ఉబ్బి, పైగుర్తుకు జానెడు దిగువన ఆగింది. తాయారు మూడో గొట్టానికి చెవి ఆనించి కాసేపు విని, కవాటం కొద్దిగా విప్పింది. తెప్పలపేటలో ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ ఇడ్లీ పాత్రలు పొయ్యి మీదికి ఎక్కుతాయి. ఆ మంటకు కావలసిన వాయువు మళ్లీ ఆ ఇళ్ల నుంచే రావాలి. సముద్రం డెల్టాను మింగేశాక జనం తెప్పల మీద ఊరు కట్టుకున్న నాటి నుంచీ ఇదే ఏర్పాటు.

అందుకే ఈ ఊళ్లో మరుగుదొడ్డి పీఠం ఎక్కడం ఎవరి సొంత విషయమూ కాదు. ప్రతి పీఠమూ చదువుతుంది. ఎవరిది, ఎంత, ఎలాంటిది అని చదివి ఊరి మండలికి పంపుతుంది. ఆపైన "మీ వంతు ముట్టింది, ధన్యవాదాలు" అని పైకే అంటుంది. గట్టిగా వస్తే గట్టి అనీ, పలుచగా వస్తే పలుచన అనీ చేరుస్తుంది. ఆ మాట వినబడగానే దగ్గరున్న వాళ్లు చప్పట్లు కొట్టాలి. గోళం నిండక, పొయ్యి వెలగక జనం నానబెట్టిన బియ్యం తిన్న తొలి రోజుల్లో పుట్టిన ఆనవాయితీ అది. ఆ ఆకలి పోయింది, చప్పట్లు మిగిలాయి. బళ్లో అయితే తరగతి మొత్తం లేచి నిలబడి కొడుతుంది. పెద్దవాళ్లకు ఇది ముచ్చటగా ఉంటుంది. తమకు జరగనివన్నీ పెద్దవాళ్లకు ముచ్చటగానే ఉంటాయి.

గోళం దగ్గర పీడన ఇంజినీరుగా తాయారుకు మంచి పేరుంది. గొట్టం ఎక్కడ నొచ్చుకున్నా ఆమెకు ముందే తెలిసిపోతుందని ఊళ్లో అంటారు. చెవి దగ్గర బడి పిలుపు మోగింది. ఏం చెబుతారో ఆమెకు తెలుసు. ఉతికిన లాగు, గౌను ఉన్న సంచి భుజాన వేసుకుని, గోళాన్ని సహాయకురాలికి అప్పగించి బయలుదేరింది.

రెండో తరగతి చదువుతున్న ఆమె కూతురు కుందన కుళాయి దగ్గర గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. తల్లిని చూసి పరుగెత్తి రాలేదు. దగ్గరికి వచ్చాక మాత్రం ఎప్పటి మాటే చెప్పింది. "నాకు తెలీలేదమ్మా."

ఏడాదిగా ఇదే మాట. తెలియకుండా ఎలా అవుతుందని తాయారు బతిమాలింది, కసిరింది, బొమ్మ కొనిపెడతానని ఆశపెట్టింది. ఏం చేసినా లాగులు పాడవుతూనే ఉన్నాయి. పీఠం పలుచన అనే చదివింది. మండలి విరేచనాలు ఆపే కట్టు మాత్రలు పంపింది. తగ్గకపోతే మోతాదు పెంచింది. పిల్ల అన్నం తగ్గించేసింది. ఆటలు మానేసింది. తోటి పిల్లలు ముక్కు మూసుకుంటే తానూ వాళ్లతో పాటు మూసుకుని, వాసన ఇంకెవరిదో అన్నట్టు చుట్టూ చూడడం నేర్చుకుంది. అది చూసిన రోజున తాయారుకు అన్నం దిగలేదు.

విశాలాక్షి టీచర్ ఆమెను పక్కకు పిలిచి, సోమవారం నుంచి కుందనను నిగ్రహ తరగతిలో వేస్తున్నారని చెప్పింది. ఆ తరగతి పడవల షెడ్ల వెనకాల ఉంది. కావాలని లాగులు పాడుచేస్తారనుకున్న పిల్లలను అక్కడ విడిగా కూర్చోబెడతారు. పీఠం బాగుందని చదివే దాకా తిరిగి రానివ్వరు.

"మందిచ్చినా తగ్గలేదంటే కావాలని చేస్తున్నట్టేనంటండి మండలి వారు. నా చేతిలో ఏముందండి," అంది టీచర్. ఆమె కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి.

తాయారు కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి వైపు కాక రేవు వైపు నడిచింది. ఒడ్డు నుంచి వారానికోసారి వచ్చే వైద్యపు పడవ అక్కడ కట్టి ఉంది. ఊరివాళ్లు దాని గడప తొక్కరు. పఠనం చూడకుండా మందిచ్చే డాక్టరు కళ్లకు గంతలు కట్టుకుని కూర వండినట్టేనని వాళ్ల వేళాకోళం. నిన్నటి దాకా తాయారు కూడా ఆ మాటకు నవ్వేది.

డాక్టర్ జులేఖా పఠనం సంగతి అడగలేదు. కుందననే అడిగింది, పొట్ట మీద చెయ్యి వేయనా అని. పిల్ల తలూపాక అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టి, బొడ్డు కింద ఎడమ పక్కన మెల్లగా నొక్కింది. ఆపైన ఇద్దరూ చాలాసేపు చిన్న గొంతుతో మాట్లాడుకున్నారు. కిందటి చలికాలంలో ఒకరోజు బళ్లో చాలా గట్టిగా వచ్చిందట. నొప్పెట్టి ఏడ్చిందట, రక్తం కూడా కనిపించిందట. ఆ ఏడుపులో ఉండగానే పీఠం "గట్టి" అంది, తరగతి లేచి చప్పట్లు కొట్టింది. ఆ తరువాత ఎప్పుడు వచ్చినట్టు అనిపించినా కుందన కాళ్లు మెలేసుకుని, అది వెనక్కి వెళ్లేదాకా బిగబట్టుకునేది. ఇదంతా ఆమె తల్లికి ఎప్పుడూ చెప్పలేదు. తల్లి అడిగిందల్లా ఎందుకు చేశావని. ఎందుకు ఆపావని ఎవరూ అడగలేదు.

డాక్టరు తాయారు చేతిని తీసుకుని అదే చోట పెట్టింది. వేళ్ల కింద పచ్చి పెండలం దుంపలా గట్టిగా తగిలింది.

"ఇది మలబద్ధకమండి. లోపల ఇలా పేరుకుపోయింది. దీని పక్క నుంచి నీళ్లలాంటిది జారిపోతోంది. మీ పీఠం చదివేది ఆ జారినదాన్నే. లోపల ఉండిపోయింది దానికెలా కనబడుతుంది?" అంది జులేఖా. "పేగు సాగిపోయింది. వస్తున్న సంగతి పాపకు నిజంగానే తెలియదు. అబద్ధం చెప్పట్లేదు."

సగం పూడిన గొట్టం ఎప్పుడూ సన్నగా కారుతూనే ఉంటుంది. ఆ కారడం చూసి పారుతోంది అనుకునే కొత్తవాళ్లను తాయారు ఎన్నిసార్లు చివాట్లు పెట్టిందో లెక్కలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. పైగా పూడిన గొట్టానికి ఏడాది పొడవునా తన చేత్తోనే ఇంకా బిరడా బిగించింది, రోజూ కట్టు మాత్ర వేసి. ఆమెకు ముందు ఏడుపు వచ్చింది, ఆ తరువాత కోపం వచ్చింది. కోపమే ఎక్కువసేపు నిలిచింది.

మాత్ర వెంటనే మానేయాలంది డాక్టరు. పేరుకున్నది మెత్తబడి బయటికి పోవడానికి సిరప్ ఇచ్చింది. భోజనం చేసిన ప్రతిసారీ పాదాల కింద పీట వేసుకుని కాసేపు తీరిగ్గా కూర్చోవాలి. పేగు మామూలు కావడానికి నెలలు పడుతుంది, మధ్యలో లాగులు పాడవుతాయి, కంగారు పడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కూర్చున్నప్పుడు ఎవరూ ఏమీ అనకూడదు.

"తిట్టకూడదు, సరే," అంది తాయారు.

"మెచ్చుకోకూడదు కూడా."

తెప్పలపేటలో అలాంటి పీఠం ఒక్కటీ లేదు. మధ్యాహ్నం తాయారు మండలి పెద్ద భానుమూర్తి దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాడు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి అంతా విన్నాడు. తన కూతురు వాడే పీఠాల గొంతు నొక్కమని ఆమె అడిగింది. కుదరదని ఆయన నెమ్మదిగా వివరించాడు. పీఠాలన్నీ ఒకే పఠన తంతి మీద ఉన్నాయి. పైగా పఠనం తప్పని ఒక పిల్ల విషయంలో ఒప్పుకుంటే రేపు ఊరంతా తమ మాత్రలు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. కావాలంటే నిగ్రహ తరగతిలో చప్పట్లు లేకుండా చూస్తానన్నాడు. అది దయ అనే ఆయన అనుకున్నాడు.

"ఒక్క పిల్ల కోసం ఊరి పఠనం ఆపేయమంటారేటండి?"

తాయారు మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది. "అడుగుదామనే వచ్చానండి. ఇప్పుడు అడగట్లేదు."

గోళం దగ్గరికి తిరిగి వచ్చి పనిగదిలోకి వెళ్లింది. పీఠాలు మాట్లాడేది గోళం ఇచ్చే విద్యుత్తుతోనే. గోళం చచ్చిపోయేలా ఉంటే అత్యవసరంగా పఠనాన్ని ఆపి ఆ శక్తిని మిగుల్చుకోవడానికి ఒక మీట ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ ముట్టుకోలేదు. తుప్పు పట్టి ఉంటే రెండు చేతులతో లాగింది. మీట దిగాక దాని పిడి ఊడదీసి తన సంచిలో, ఖాళీ అయిన లాగు చోట పెట్టుకుంది. ఊరంతటికీ వినబడే మాటల గొట్టంలో ప్రకటన చేసింది. పీఠాలు ఎప్పటిలాగే పనిచేస్తాయి, కానీ చదవవు, మాట్లాడవు. వాయువు ఇంటింటికీ సమానంగా వస్తుంది. ఎవరి వంతు ఎంతో ఇక ఎవరికీ తెలియదు.

భానుమూర్తి ఆయాసపడుతూ వచ్చాడు. పిడి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. ఉద్యోగం పోతుందన్నాడు. పోనివ్వమంది. చూసేవాడు లేకపోతే జనం వంతు ఎగ్గొడతారనీ, వారం తిరక్కుండా పొయ్యిలు ఆరిపోతాయనీ ఆయన నిజంగానే భయపడ్డాడు.

తాయారుకు అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "ఏవండీ, మీ చప్పట్ల కోసమేటండి జనం దొడ్డికెళ్లేది?"

పొయ్యిలు ఆరలేదు. మొదటి రోజుల్లో జనం అలవాటు కొద్దీ పీఠం మీద మాట కోసం ఎదురుచూసి, రాకపోతే వెలితిగా లేచి వచ్చారు. ఆ తరువాత గోళం పైగుర్తు దాటింది. తాయారు ఉపశమన కవాటం విప్పాల్సి వచ్చింది. ఊళ్లో ఎంతమంది ఎన్నాళ్లుగా బిగబట్టుకుని తిరుగుతున్నారో ఎవరికి తెలుసు. పెద్ద పెద్ద మనుషులు కూడా మొహాలు తేటపడి కనిపించారు. పడవ మళ్లీ వచ్చిన రోజున రేవులో తల్లులు పిల్లలను పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, అందరూ దగ్గు మందు కోసం వచ్చినట్టే.

పఠనం లేదు కాబట్టి నిగ్రహ తరగతికి ఎవరిని పంపాలో మండలికి తెలియలేదు. కుందన తన తరగతిలోనే ఉంది. సిరప్ తాగిన మొదటి రోజులు దారుణంగా గడిచాయి, ఇల్లంతా ఉతుకుడే. ఆ తరువాత కూడా అప్పుడప్పుడూ లాగు పాడవుతోంది. కానీ పిల్ల పెరుగన్నం మళ్లీ అడిగి వేయించుకుంటోంది.

ఒక సాయంత్రం భానుమూర్తి ఇంటికి వచ్చాడు. మర్నాడు మండలి కూర్చుంటుంది. తాయారును తీసేయాలని సగం మంది, వద్దని సగం మంది. ఎటూ తేలడం లేదు. పడవ వైద్యం పనిచేసిందని ఒక్క రుజువు దొరికితే తన మాట ఆమె వైపేనని, పఠనం మళ్లీ పెట్టనివ్వనని చెప్పాడు. పిల్లకు ఇప్పుడు మామూలుగా అవుతోందని తల్లి నోటితో అంటే చాలు.

కుందన అప్పటికే లోపల పీఠం మీద ఉంది. తాయారు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. రోజూ అక్కడే నిలబడుతోంది, చెవి దాదాపు చెక్కకు ఆనించి. ఈ రోజు తన ఉద్యోగం, ఊరి నిశ్శబ్దం, అన్నీ ఆ తలుపు అవతల వినబడబోయే చప్పుడు మీదే ఉన్నట్టు తోచింది.

"అమ్మా, అక్కడే ఉన్నావా?" అంది లోపలి నుంచి కుందన.

"ఉన్నానే."

"వెళ్లు. నువ్వు వింటుంటే నాకు రాదు."

తాయారుకు మొహం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. ఊరంతటి తంతి తెంపినా, గొట్టాలకు ఆనించే ఆ చెవిని ఇంటికి తెచ్చి ఇక్కడ పెట్టింది తనే. ఆమె తలుపు దగ్గర నుంచి కదిలింది. వంటగది దాటి, వసారా దాటి, భానుమూర్తి కూర్చున్న చోటికి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. కాసేపటికి నీళ్ల చప్పుడైంది. కుందన చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరినీ చూసి, ఏమీ చెప్పకుండా వంతెన మీదికి ఆడుకోవడానికి పరుగెత్తింది.

భానుమూర్తి ముందుకు వంగాడు. "అయిందంటారా?"

"తెలీదండి."

"పిలిచి అడగండి. రేపు మీ ఉద్యోగం దాని మీదే ఉంది కదండి."

వంతెన మీద పిల్లల కేకలు వినబడుతున్నాయి. అందులో కుందన గొంతు ఏదో తాయారుకు తెలుసు, అయినా అటు తిరగలేదు.

"అడగనండి," అంది. "మా అమ్మాయి సంగతి నేను కూడా చదవను."