పన్నెండో లాటు

ఉదయం ఏడుంబావుకు తిరువళ్లూరు స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద, చెన్నై లోకల్ కోసం తోసుకుంటున్న జనం మధ్య, కేశవన్ అనే ముప్పై ఏళ్ల మనిషి బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. ఒళ్లో ఇడ్లీ పొట్లం సగం విప్పి ఉంది. లోకల్ వచ్చింది, జనం ఎక్కారు, బండి వెళ్లిపోయింది. ఊడ్చే ఆవిడ చీపురుతో కాలు తట్టేదాకా సంగతి ఎవరికీ తెలియలేదు.

గుండెపోటని కాగితం మీద రాసేశారు. కాలరు కింద, మెడ వెనక, సూది దిగినంత ఎర్రచుక్క ఉంది. దాన్ని చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

చావుకు నాలుగు నిమిషాల ముందు అతని ఫోన్ నుంచి, అతను రహస్యంగా పనిచేసే బ్యూరోకి ఒక మెసేజి వెళ్లింది: "నాలుగు వందలు మనవి కావు. వచ్చి చెప్తా."

తొమ్మిది గంటలకు పట్టాభిరామ్‌లో రైల్వే గేటు పక్కనున్న జిరాక్స్ షాపు ముందు కలైవాణి స్కూటీ ఆపింది. నలభై ఒక్కేళ్ల మనిషి. తిరుత్తణిలో ఉన్న తల్లి లెక్కలో ఆమెది ఇన్సూరెన్స్ ఉద్యోగం. బ్యూరో లెక్కలో ఆమె ఏజెంట్ పదిహేడు. కేశవన్‌కి పని నేర్పింది ఆమే.

"ఆధార్ కలర్‌లో కావాల. రెండు పక్కలా."

"కలర్ ఇంకు అయిపోయింది మేడం. బ్లాక్ అండ్ వైట్ చాలునా?"

"చాలదు."

కోడ్ సరిపోయింది. కాగితాల కట్టల వెనక తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ ఆనందరాజ్ ప్రొజెక్టర్ వెలిగించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన హర్షవర్ధన్. గది నిండా అతని సెంటే. చెన్నైలో చదివి, సింగపూర్‌లో మెరుగు పెట్టించుకుని వచ్చిన కుర్రాడు. సరిహద్దు ఊళ్లో నూరెకరాల మామిడితోటల కుటుంబం. ఆర్కిడ్ అనే విదేశీ ముఠాలో బ్యూరో నాటిన మనిషి. ఆర్కిడ్ వాళ్లు అతన్ని తమవాడే అనుకుంటున్నారని చీఫ్‌కి గట్టి నమ్మకం. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ముస్తాబై, కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"ప్రాడక్ట్ పేరు పలక," అన్నాడు చీఫ్. "తిరుత్తణి నేతోళ్ళ సొసైటీలో ఆడోళ్ళు చేసే ట్యాబ్లెట్. నాలుగువేల తొమ్మిదివందలు. లోపలే ఏఐ. నెట్ లేకపోయినా తమిళంలో, తెలుగులో పాఠం చెప్తాది. ఇంకా మూడేళ్ళు పోతే పాఠం చెప్పేదీ, పరీక్ష పెట్టేదీ ఈ అద్దమే. ఎవురి అద్దం పిల్లోళ్ళ చేతిలో ఉంటే మార్కెట్ వాళ్ళది. ముప్పై వేలకు ట్యాబ్లెట్ అమ్మేవాళ్ళు ఊరుకుంటారా? ఆర్కిడ్‌ను కూలికి పెట్టుకున్నారు."

"ప్లాన్?"

"ఈ పొద్దు మూడు గంటలకు తిరువళ్లూరు గర్ల్స్ స్కూల్లో డెమో. నాలుగు వందల మంది పిల్లోళ్ళు ఒకేసారి పాఠం తెరుస్తారు. ఆరు రాష్ట్రాల ఆఫీసర్లు లైవ్‌లో చూస్తారు. ఆర్కిడ్ ఒక లాటు మార్చేసింది. సిగ్నల్ వస్తే బ్యాటరీ అగ్గి పట్టుకుంటుంది."

కలైవాణి లేచి నిలబడింది. "డెమో ఆపండి సార్."

"అక్కర్లేదు," అన్నాడు హర్షవర్ధన్, చిరునవ్వుతో. "అది ఏడో లాట్ మేడం. ఆర్కిడ్ పేపర్స్ నేనే తెచ్చాను. తెల్లవారుజామునే సీజ్ చేయించాను. బదులు ఫ్రెష్ లాట్ పోతోంది. కేశవన్ మెసేజ్ కూడా దాని గురించే. పాపం, లేటుగా కనుక్కున్నాడు."

"కేశవన్‌ను చంపింది ఎవురు?"

"గుండెపోటు అని రాసినారు గదా," అన్నాడు చీఫ్, ప్రొజెక్టర్ ఆపేస్తూ. "కలై, నువ్వు తిరుత్తణికి పోయి మిగతా లాట్లు ఒకసారి చూసి రా. ఫార్మాలిటీ. ఇంత చవక సామానుకు ఇంతకంటే హంగామా వొద్దు."

ఆమెకు ఒళ్లు మండింది. ముప్పై వేల సామాను అయితే హంగామా చేసేవారన్న మాట! ఒక మనిషి ప్రాణం పోయింది, నాలుగు వందల మంది పిల్లల చేతుల్లోకి అది వెళ్లబోతోంది. ఈయనకు అందులో కనబడింది ధర ఒక్కటే. తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది.

పదకొండున్నరకు తిరుత్తణి సొసైటీ గేటు దగ్గర బ్యూరో జీపు ఆగింది. అందులోంచి నెరిసిన విగ్గు, కెమెరా దాచిన కళ్లద్దాలు, మెడలో క్వాలిటీ ఆడిటర్ బ్యాడ్జీతో ఒక పెద్దావిడ దిగింది. ఒకప్పుడు నూలు డిపో అయిన హాలు అది. పవర్‌లూమ్ దెబ్బకు మగ్గాలు అటకెక్కిన ఇళ్ల ఆడవాళ్లు ఇరవై నలుగురు అక్కడ బల్లల ముందు కూర్చుని, వెంట్రుకంత వైర్లు అతుకుతున్నారు. తెగిన పోగు అతికి అతికి పదునెక్కిన వేళ్లు వాళ్లవి. వాళ్లకు భూతద్దం అక్కర్లేదు.

ఆడిటర్ గారు మూడు బల్లలు దాటిందో లేదో, లైన్ పెద్ద ధనమ్మ తలెత్తింది.

"ఏం మే, ఆ బొచ్చేంది నెత్తిన?"

"నేను ఆడిటర్‌ను అమ్మా," అంది కలైవాణి, గొంతు మార్చి.

"అమ్మా అంటావు, కాదంటావు. ఇన్సూరెన్స్ వోళ్ళు ఏషం గూడా గడతారా? తిన్నావా లేదా?"

లక్షలు పోసి బ్యూరో చేయించిన మారువేషం కన్నతల్లి ముందు మూడు నిమిషాలు నిలవలేదు. పక్క బల్లల వాళ్లు నవ్వుతున్నారు. కలైవాణి తల్లి రెక్క పట్టుకుని ఆఫీసు గదిలోకి లాక్కుపోయింది. మేనేజరు డెమో కోసం తిరువళ్లూరు పోయాడు. కంప్యూటర్ తెరిచే ఉంది.

ఒకటిన్నర దాకా లాట్ల వివరాలు ఒక్కొక్కటే తిరగేసింది. అంతా కడిగిన అద్దంలా ఉంది. ఏడో లాటు తాళం వేసిన గదిలో ఉంది. దాని బదులు పన్నెండో లాటు పదకొండింటికే వ్యానులో వెళ్లింది. నాలుగు వందల ముక్కలు. తయారీ తేదీ డిసెంబరు పంతొమ్మిది. ఇరవై నలుగురు హాజరు. పంపించిన చీటీ మీద హర్షవర్ధన్ సంతకం.

ధనమ్మ పెరుగన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెడుతూ తెరకేసి చూసింది. ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. అంకెలు బాగా వచ్చు.

"ఇదేంది, పంతొమ్మిది అని రాసినారు? ఆ పొద్దు పని యాడ జరిగింది?"

"ఇరవై నలుగురూ వచ్చినట్టు ఉంది గదమ్మా."

"ఎవురొచ్చినారు? ఆ పొద్దు మార్గళి నెల అమావాస. అమావాస నాడు నేతోళ్ళు మగ్గం ఎక్కుతారా? మీ తాత ఎక్కినాడా? మగ్గం పోయి ఈ బల్ల వొచ్చినా మేము ఆ పొద్దు పనిముట్టు ముట్టము. మేనేజరుకు మొదటి నెల్లోనే చెప్పేసినాము. కావాలంటే జీతం కోసుకో, మేము రాము అని."

కలైవాణి చేతిలో చెంచా ఆగిపోయింది. గోడమీద క్యాలెండరులో డిసెంబరు కాగితం వెనక్కి తిప్పింది. పంతొమ్మిది గడిలో నల్లటి గుండ్రం ఉంది.

నాలుగు వందలు మనవి కావు. కేశవన్ చెప్పబోయింది ఏడో లాటు సంగతి కాదు. ఏడో లాటు మంచిదే. మంచిదాన్ని పట్టుకుని గదిలో పెట్టించి, దాని బదులంటూ మంటల్ని దర్జాగా, సంతకం పెట్టి మరీ స్కూలుకు తోలాడు హర్షవర్ధన్. దేశాలు తిరిగిన ముఠా చిప్పులు దొంగిలించింది, డబ్బాలు అచ్చు వేయించింది, హాజరు పట్టీ సృష్టించింది. నేతవాళ్ల అమావాస్య మాత్రం వాళ్ల లెక్కలోకి రాలేదు.

చీఫ్‌కి ఫోన్ చేసింది. స్విచాఫ్. సభలో ఫోన్లు ఆపేయాలని ఆర్డరట. బ్యూరో కంట్రోల్ రూమ్‌కి చేసింది.

"ఈవెంట్ సెక్యూరిటీ మొత్తం హర్షవర్ధన్ సార్ చూస్తున్నారు మేడం. ఆయనకు కనెక్ట్ చేయమంటారా?"

విగ్గు పీకి నేలకేసి కొట్టింది. "అమ్మా, ఆ ట్యాబ్లెట్‌ను పూర్తిగా చచ్చేట్టు ఆపాలంటే ఎట్లా?"

"పక్క బటన్ నొక్కి పట్టుకోవాల. పది లెక్కబెట్టేదాకా ఇడవకూడదు. ఎందుకే? ఏమయింది?"

"జీపెక్కు. దార్లో చెప్తా. సీక్రం!"

దారంతా ధనమ్మ తిడుతూనే ఉంది. కూతురు పదిహేనేళ్లు అబద్ధం చెప్పినందుకు అరకోణం దాకా. ఎవడో తన చేతిపని పేరు పెట్టి పిల్లల మీదికి మంట తోలినందుకు అక్కడినుంచి తిరువళ్లూరు దాకా. రెండో విడత తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

రెండు గంటల యాభై రెండు నిమిషాలు. స్కూలు ఆవరణలో షామియానా కింద నాలుగు వందల మంది ఆడపిల్లలు, నూనె పెట్టి దువ్విన జడలతో, ఒళ్లో ట్యాబ్లెట్లతో బారులు తీరి కూర్చున్నారు. చాలామందికి సొంతానికని చేతికొచ్చిన మొదటి కొత్త వస్తువు అదే. కొందరు దాన్ని పావడా అంచుతో తుడుస్తున్నారు. ఆ తుడవడం చూసేసరికి కలైవాణికి కోపంతో కళ్లు చెమర్చాయి.

"నువ్వు మైకు దగ్గరికి పో. నేను వాడి దగ్గరికి పోతా."

వేదిక వెనక తెర చాటున, కంట్రోల్ బల్ల దగ్గర హర్షవర్ధన్ ఒంటరిగా ఉన్నాడు. చేతిలో వెండిరంగు పెన్ను. ఆమెను చూసి లేవలేదు కూడా.

"తిరుత్తణిలో పని అయిపోయిందా మేడం?"

"పన్నెండో లాటు చూసినా. డిసెంబరు పంతొమ్మిది అమావాస. నేతోళ్ళు పనికి రారు. నువ్వు ఈ పక్కోడివే గదా, ఆ మాత్రం తెలీదా?"

అతను భుజాలు ఎగరేశాడు. "మా ఇంట్లో మగ్గం లేదు. చూడు కలై, ఎవరూ చావరు. చేతులు కాలుతాయి, అంతే. టీవీలో ఒక్కసారి పొగ కనబడితే చాలు. చవక వస్తువు, ఇంకెట్లా ఉంటుంది అని జనమే అంటారు. మేం నోరు తెరవక్కర్లేదు."

పిల్లల చేతులు కాల్చడం ఒక ఎత్తు. కాల్చి, ఆ తప్పును వాళ్ల లేమి మీదికే నెట్టేయడం ఇంకో ఎత్తు. కలైవాణి జన్మలో అంత కోపం ఎరగదు. బల్లను రెండు చేతులా ఎత్తి అతని మీదికి తోసింది.

అదే క్షణంలో బయట మైకు గుయ్‌మంది. వేదిక మీద పూలగుత్తి పట్టుకున్న ఒక ఆఫీసరును పక్కకు నెట్టి, ధనమ్మ మైకు లాక్కుంది. తమిళంలో, వీధి చివరిదాకా వినబడే గొంతుతో అరిచింది.

"పిల్లల్లారా! పక్క బటన్ నొక్కండి! వేలు ఇడవద్దు! నాతోబాటు పది లెక్కబెట్టండి! ఒణ్ణు!"

"రెండు!" అన్నాయి కొన్ని గొంతులు. "మూణు!" అన్నాయి నాలుగు వందలు.

తెర వెనక కలైవాణి అతని మణికట్టు మెలిపెట్టింది. అతని మోచెయ్యి ఆమె దవడకు తగిలింది. సిగ్నల్ మీట ఉన్న పెన్ను కింద పడింది. "అంజు! ఆరు!" ఇద్దరూ దానికోసం నేలమీద పాకారు. అతని పట్టుచొక్కా చిరిగింది. "ఎట్టు!" పెన్ను అతనికే దొరికింది. ఆమె అతని వేలు కొరికింది. "ఒంబదు!" రక్తం ఉప్పగా తగిలింది, అయినా వదల్లేదు.

"పత్తు!"

పెన్ను మీద ఎర్రలైటు వెలిగింది. అతను నొక్కేశాడు.

షామియానా కింద ఏమీ జరగలేదు. తెరలన్నీ నల్లగా చచ్చి ఉన్నాయి. అప్పుడు వెనక వరుసలోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు మొదలైంది. సెల్వి అనే ఆరో తరగతి పిల్ల బటన్ నొక్కలేదు. కెమెరా తెరిచి, అంత పెద్ద తెర మీద తన మొహం మొదటిసారి చూసుకుంటూ ఈ లోకాన్నే మరిచిపోయింది. ఒళ్లో ట్యాబ్లెట్ వీపు ఉబ్బుతోంది.

కలైవాణి తెర చించుకుని దూకింది. వరుసల మధ్య పిల్లల్ని దాటుకుంటూ పరిగెత్తి, దాన్ని సెల్వి చేతుల్లోంచి లాగి, గుంజకు తగిలించిన మంటలార్పే ఇసుక బకెట్లోకి విసిరి, పిల్లమీద బోర్లా పడింది. బకెట్ ఢామ్మంది. ఇసుక షామియానా కప్పు దాకా లేచింది.

పొగ తగ్గాక సెల్వి రెండు చేతులూ తిప్పి చూసింది. వేళ్లన్నీ బాగానే ఉన్నాయి. పిల్ల మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అక్కా, నాది పోయె! నాకు వేరేది ఇస్తారా?"

ఆరు రాష్ట్రాల ఆఫీసర్లు లైవ్‌లో మొత్తం చూశారు. చీఫ్ ఆనందరాజ్ పరిగెత్తుకొచ్చాడు, పాలిపోయిన మొహంతో. "కలై, ఒకటి పేలిపోయింది గదా. ప్రెస్‌కు ఏం చెప్పేది?"

"నిజం చెప్పండి సార్," అంది కలైవాణి. దవడ వాచి మాట సరిగా రావడం లేదు, అయినా గొంతు తగ్గించలేదు. "పేలింది దొంగ సరుకు, మీరు నమ్మినోడు తెచ్చింది. అసలు సరుకును మీరే తాళం వేసి పెట్టినారు. అది చేసినోళ్ళు ఎవురో ఈ మైకులోనే చెప్పండి, పేర్లతో సహా. కేశవన్ పేరు ముందు చెప్పండి."

హర్షవర్ధన్ పెన్ను రెండో కొనలో సన్నటి సూది దొరికింది. చీఫ్ దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మైకు దగ్గరికి నడిచి, కేశవన్ పేరుతోనే మొదలుపెట్టాడు. అయిదున్నరకు తిరుత్తణి నుంచి ఏడో లాటు వచ్చింది. ధనమ్మ వరుసల్లో తిరిగి ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూసి, తన చేతులతోనే పంచింది. మొదటిది సెల్వికి.

గేటు దగ్గర హర్షవర్ధన్‌ను వ్యాను ఎక్కిస్తున్నారు. చిరిగిన పట్టుచొక్కా, వేలికి కట్టు, అయినా సెంటు వాసన పోలేదు. సంకెళ్ల వైపు అసహ్యంగా చూసుకున్నాడు.

"ఏం మేడం ఇవి? అంచులు కోసుకుంటున్నాయి. ఇంత నాసిరకం ఎక్కడ కొంటారు?"

కలైవాణి వాటిని ఇంకో నొక్కు బిగించింది.

"లో-కాస్ట్ సార్, ఇక్కడే చేస్తారు. లాగి చూడండి, ఊడి రావు."