దీపాలు పెట్టాక ఊడ్చినవాడు

సింధనూరు రైసుమిల్లులో కాటా మీద వడ్ల ట్రాక్టరు నిలబడి ఉంది. తూకం అయిపోయింది. ట్రాక్టరు కదలదు. వెనక వరసలో ఉన్నవాళ్ళు హారన్లతో చెవులకు చిల్లులు పొడుస్తున్నారు.

కాటా గదిలోంచి మిల్లు ఓనరు కూతురు లహరి తల బయట పెట్టింది.

"ఏమండోయ్, బండి తీస్తారా, దాన్ని కూడా బస్తాలోకెత్తి కుట్టించమంటారా?"

సీట్లో ఉన్న కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఒక్క రాయి మేడమ్. ఆఖరి రాయి."

రాయి మాటెత్తితే బియ్యం మిల్లువాళ్ళకు ఒళ్ళు మండుతుంది. లహరి విసవిసా వచ్చి ఫోన్లోకి తొంగిచూసింది. మంచు మీద ఓ నున్నటి రాయి జారుతోంది. దాని ముందు ఇద్దరు మగాళ్ళు వంగి పరుగెత్తుతూ, కొంప మునిగినట్టు చీపుళ్ళతో రుద్దుతున్నారు.

"ఏంటిది?"

"కర్లింగ్. ప్రొఫెషనల్ మెన్స్ టోర్నమెంట్. అలా రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది."

"ఓహో! మగాళ్ళు ఊడిస్తే టోర్నమెంటు, మేం ఊడిస్తే ఇంటిపనీనా?"

అప్పుడు తల ఎత్తాడు. ఎత్తినవాడు దించడం మర్చిపోయాడు. ఆ ఆఖరి రాయి ఎక్కడ ఆగిందో ఈనాటికీ అతనికి తెలియదు.

అతను పక్క క్యాంపు శివాజీ. ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళని అక్కడ క్యాంపులంటారు. కోతలున్నన్నాళ్ళూ లోడుతో వచ్చాడు. వచ్చినప్పుడల్లా మ్యాచ్ పెట్టాడు. అతను కెనడా అంటే, పంతానికి లహరి స్వీడన్ అంది.

ఒకరోజు ఆట మధ్యలోనే ఓ కెప్టెన్ ఎదుటివాళ్ళకు చెయ్యి చాపాడు.

"ఇంకా రాళ్ళున్నాయి కదా! అప్పుడే షేక్‌హ్యాండ్ ఏంటి?"

"ఇక గెలవలేమని తెలిస్తే వాళ్ళే ముందు చెయ్యి చాపుతారు. ఈ ఆటలో అదే మర్యాద."

"మీరెప్పుడైనా చాపారా?"

"నేనా? పుట్టి బుద్ధెరిగాక లేదు."

నిజమే. వడ్ల రేటు దగ్గర, తేమ లెక్క దగ్గర ఎవరికీ తగ్గడు. అసలు మాట దగ్గర మాత్రం నోరు పెగలదు. అయితే లహరి ఒకటి కనిపెట్టింది. క్యాంపు కుర్రాళ్ళంతా ఆమె నాన్న శ్రీరాములుని నోరారా బాబాయ్ అంటారు. శివాజీ చచ్చినా అనడు. "అదేనండి", "ఇదిగోండి" అంటూ నెట్టుకొస్తాడు. ఎందుకో తలుచుకుంటే ఆమెకు నవ్వొచ్చేది.

శుక్రవారం మాత్రం నవ్వు రాలేదు.

"ఎల్లుండి గంగావతి నుంచి నన్ను చూడ్డానికొస్తున్నారు. సంబంధం నాన్నకి నచ్చింది," అని చెప్పి అతని ముఖంలోకి చూసింది.

అతను నేల చూశాడు. "రేపు సాయంత్రం ఫైనల్. కెనడా, స్వీడన్."

లహరికి చిర్రెత్తింది. "అయితే పందెం! మీ కెనడా ఓడితే వడ్లు ఆరబోసే గచ్చంతా మీరు ఊడవాలి."

"గెలిస్తే?"

"గంగావతివాళ్ళకి నా చేత్తో కాఫీ ఇస్తాను."

మర్నాడు సందెవేళ నాయనమ్మ కుసుమకుమారి దీపం పెట్టి మిల్లు పక్కనే ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుందో లేదో, గచ్చు మీంచి బరబరా చప్పుడు.

"ఎవడ్రా అది? దీపాలు పెట్టాక ఊడిస్తే ఇంట్లో లక్ష్మి ఉంటుందా?"

మిల్లులో ఊడ్చే నింగవ్వ లబలబలాడుతూ వచ్చింది. "జూడమ్మా, నా పొరక గుంజుకున్నడు! ఏందిది? ఊడ్సుడు గిట్లనా?"

శివాజీ ఫోన్లోని మగాళ్ళలాగే వంగి, ముందుకు పరుగెత్తుతూ ఊడుస్తున్నాడు. లేచిన ఊకంతా అతని నెత్తినే పడుతోంది.

లహరి పరుగున వెళ్ళింది. ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఫోన్లో ఫైనల్ ఇంకా నడుస్తోంది. స్కోరు చూసి తెల్లబోయింది.

"మీ కెనడా గెలుస్తోంది కదా!"

"వాళ్ళు గెలుస్తారు. మీరు కాఫీ కలుపుతారు. అది చూడ్డం నావల్ల కాదు." పొరక కింద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని చాపాడు. "నేను ఓడిపోయానండీ."

ఇంకా రాళ్ళు మిగిలే ఉన్నాయి. అయినా లహరి ఆ చెయ్యి అందుకుంది.

గొడవ విని శ్రీరాములు బయటికొచ్చాడు. "ఏంటయ్యా శివాజీ, ఏంటిదంతా?"

"అదేనండి... ఇదిగోండి..."

లహరి అతని వేళ్ళు గట్టిగా నొక్కింది.

"మావయ్యగారూ!" అనేశాడు శివాజీ.

నింగవ్వ బుగ్గలు నొక్కుకుంది. శ్రీరాములు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"గంగావతివాళ్ళకి కాఫీ నాయనమ్మ ఇస్తుంది నాన్నా."

శ్రీరాములు గడ్డం గోక్కున్నాడు. "తేమ దగ్గర తగువులాడతాడు గానీ, వడ్లలో తాలు మాత్రం కలపడు," అని గొణిగాడు.

"ముందు గంగావతికి ఫోన్ చెయ్యరా, పాపం ఇస్త్రీ బట్టలు నలుపుకుని వస్తారు," అంది కుసుమకుమారి. అరుగు దిగి, గచ్చు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిదానంగా చూసింది.

"ఇదిగో అబ్బాయ్! మూలలన్నీ వదిలేశావు. రేపు పొద్దున్నే మీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని రా. పెద్దవాళ్ళం ముహూర్తం సంగతి మాట్లాడుకుంటుంటే, నువ్వు ఆ మూలలు ఊడ్చేద్దువుగాని."