రెండు వందల పద్నాలుగో కామిక్

"నా కంప్యూటర్ల ఉన్న కామిక్స్ యాడికి పోయినయ్?"

ఉదయ్ భాస్కర్ తలెత్తాడు. హైటెక్ సిటీలోని ఆ కంపెనీ కంప్యూటర్ల బాగోగులన్నీ చూసేది అతనే. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి ముక్కు మీద కోపం ఉంది. ఆ ముక్కుకు కోపం బాగా నప్పింది కూడా.

"మీ పేరండీ?"

"సరిత. నాలుగో ఫ్లోర్, టెస్టింగ్."

"నిన్న తెలంగాణ బంద్ కదండీ, ఆఫీసు ఖాళీగా ఉందని మెషీన్లన్నీ ఫార్మాట్ చేసేశాం. కావలసినవి కాపీ చేసుకోమని మెయిల్ పెట్టానుగా."

"ఎప్పుడు పెట్టిన్రు?"

"నిన్న పొద్దున్న."

"బంద్ నాడు ఇంట్ల కూసున్నోళ్లకు ఆఫీస్ మెయిల్ ఎట్ల కనిపిస్తది?"

ముగ్గురు మేనేజర్లు సరేనన్న ప్లాన్ అది. అంతమంది బుర్రల్లో ఒక్కదానికీ ఈ ప్రశ్న తట్టలేదు.

సరిత వాళ్ల నాన్న పెంటయ్య నార్సింగిలో అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తాడు. పాత పేపర్ల కొట్టులో కామిక్స్ కనిపిస్తే కూతురికి తెచ్చేవాడు. ఆమె చదువుతుంటే పక్కన కూర్చుని, బొమ్మల పక్కనున్న మాటలను వేలితో కూడబలుక్కుంటూ నలభై ఏళ్ల వయసులో చదవడం నేర్చుకున్నాడు. ఆ పుస్తకాలకు చెదలు పట్టాయి. పారేసే ముందు సరిత మేనేజర్ని అడిగి, సాయంత్రాలు ఆఫీసు స్కానర్ దగ్గర కూర్చుని, పేజీ పేజీనీ కంప్యూటర్లోకి ఎక్కించింది. మొత్తం రెండు వందల పద్నాలుగు.

"పోయినయని నాయినకు చెప్పలే. చెప్తే పానం పోయినట్టయితడు," అంది. కోపం కాస్తా కన్నీళ్లయింది. కోపమే నయమనిపించింది ఉదయ్‌కి.

"తెచ్చిస్తానండీ," అన్నాడు, ఎలాగో తెలియకుండానే.

పోయినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో రెండు రోజులు కుస్తీ పట్టాడు. ముప్పై తొమ్మిది దక్కాయి. మిగతావాటిలో కథలోని రాజు తల ఒక పేజీలో, మొండెం ఇంకో పేజీలో తేలాయి.

మూడో రోజు ఆఫీసు క్యాబ్ డ్రైవర్ ఈశ్వరయ్య అసలు సంగతి చెప్పాడు. "గీ దానికి పరేషాన్ ఎందుకు సార్? బంద్‌లల్ల బండి ఎల్లక ఆఫీసుల ఇరుక్కుంటే, సరితమ్మ తన కంప్యూటర్ల కామిక్స్ అందరి ఫోన్లల్ల ఎక్కించేది. ఎవలకు ఏది ఇచ్చిందో ఆమెకే యాది లేదు. నా ఫోన్ కార్డుల యాభై ఉన్నయి."

ఇక ఉదయ్ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఊరి మీద పడ్డాడు. చందానగర్‌లో మొబైల్ షాపు, కొండాపూర్‌లో హాస్టల్, క్యాంటీన్‌లో దోసెలు పోసే చంద్రమ్మ కొడుకు ఫోను. దొరికినవన్నీ రోజూ టీ టైమ్‌లో సరిత ముందు పెట్టేవాడు. నెల తిరిగేసరికి రెండు వందల పదమూడు చేరాయి. నిజం చెప్పొద్దూ, అన్నీ ఒకేసారి దొరకనందుకు అతనికి లోలోపల సంతోషంగానే ఉంది.

మిగిలింది ఒక్కటే. పెంటయ్య తనంతట తాను చదివిన మొదటి కామిక్. దాని చివరి పేజీలో ఆయన పెన్సిల్‌తో తన పేరు రాసుకున్నాడు. దాన్ని మాత్రం సరిత ఎవరికీ ఇచ్చిన గుర్తు లేదు.

"పోతే పోయింది," అంది సరిత, కళ్లు దించుకుని. తర్వాత, "ఆదివారం హఫీజ్‌పేట్ రోడ్డు మీద వంటా వార్పు. తెలంగాణ కోసం అందరం రోడ్డు మీదనే వండుకుని తింటం. వస్తవా?"

అన్నాళ్లూ 'మీరు' అన్న పిల్ల 'వస్తవా' అంది. ఉదయ్ చెవులు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి.

"నన్ను రానిస్తారా అండీ?"

"ఉల్లిగడ్డలు కోస్తే ఎవలనైనా రానిస్తరు."

ఆదివారం రోడ్డు మధ్య పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. పెంటయ్య గరిటె తిప్పుతూ, ఉల్లిగడ్డలు కోస్తున్న ఉదయ్‌ని చూశాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"కాకినాడండీ."

చుట్టూ తలలు అటు తిరిగాయి. పెంటయ్య తాపీగా అన్నాడు. "ఉల్లిగడ్డ జర సన్నగ కొయ్యి. గంత ఏడుస్తున్నవేంది?"

"ఉల్లిపాయల వల్లే కాదండీ. మీ కామిక్స్ నేనే చెరిపేశాను. ఒక్కటి తప్ప అన్నీ తెచ్చాను. మీ పేరున్నదే దొరకలేదు."

వెనక సరిత వద్దు వద్దని చేతులూపుతూనే ఉంది. పెంటయ్య చేతులు తుడుచుకుని, చొక్కా జేబులోంచి పెద్ద స్క్రీన్ ఫోను తీశాడు.

"గిదేనా?"

చివరి పేజీలో వంకర టింకర పెన్సిల్ అక్షరాలు: పెంటయ్య.

"పోయినేడు సరితను దింపనీకి ఒచ్చిన ఈశ్వరయ్యను పట్టుకుని, ఆయన కార్డులకెల్లి ఎక్కించుకున్న. ఎనక ఆయన దాన్ని చెరిపేసిండట. సరితా, ఒక్కసారి నన్ను అడిగితే ఏం బోయింది? డ్యూటీల రోజూ చదువుకుంటనే ఉన్న."

సరిత నాన్న భుజం మీద తల పెట్టి నవ్వింది, ఏడ్చింది. ఉదయ్ గుండె గంతులేసింది. రెండు వందల పద్నాలుగూ దొరికాయి, ఒక్క పేజీ తగ్గకుండా.

"కార్డు ఇస్తారా అండీ, కాపీ చేసి తెచ్చిస్తాను."

"ఇయ్య. ఒకసారి చెరిపినోనివి," అన్నాడు పెంటయ్య. "రేపు నీ కంప్యూటర్ తీస్కోని ఇంటికి రా. నా ముంగటనే ఎక్కించుకో. మా ఇంట్లనే తిను."

ఆయన గిన్నె దించడానికి వెళ్లాక ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. "ఈసారి రెండు కాపీలు రెండిళ్లలో పెడదామండీ. ఒకటి మీ ఇంట్లో, ఒకటి మా ఇంట్లో."

సరిత అతని చేతిలోంచి కత్తి తీసుకుని, మిగిలిన ఉల్లిగడ్డ తానే కోసింది.

"రెండిండ్లు ఎందుకు ఉదయ్? మనకు ఒక్క ఇల్లు చాలదా?"

అప్పుడే డప్పు మోగింది. జనమంతా చేతులెత్తి 'జై తెలంగాణ' నినాదం అందుకున్నారు. అందరికంటే ముందు ఉదయ్ చెయ్యే లేచింది. ఎందుకని ఎవరూ అడగలేదు.