రెండు చేతుల మేత

ఆ గురువారం తెల్లవారి సుభద్రమ్మ వీధి తలుపు తీసి, కళ్ళాపి చల్లి, కాళ్ళు కడుక్కుని సావిట్లోకి వచ్చేసరికి గాజుతొట్టిలో ఒక చేప వెల్లకిలా తేలి ఉంది. నాలుగింటిలోకీ చిన్నది అదే. మిగిలిన మూడూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పాపం, ఆకలి కాబోలు అనుకుంది ఆవిడ. చనిపోయినదాన్ని గరిటెతో తీసి బంతిమొక్క మొదట్లో పాతేసి వచ్చి, మిగిలినవాటికి రోజూ కంటే మరో చిటికెడు ఎక్కువే మరమరాల పొడి చల్లింది.

ఆ బంగారు చేపలు ఆమదాలవలసలో ఆ ఇంటికి వచ్చి రెండు నెలలైంది. సుభద్రమ్మ కొడుకు గణపతిరావు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా. హౌరా మెయిలులో వచ్చే గార్డు ఒకాయన అతనికి స్నేహితుడు. ఆయనే కలకత్తాలో కొని, మూతకు చిల్లులు పెట్టిన సిల్వరు బిందెలో నాలుగు చేపల్ని తెచ్చిచ్చాడు. గణపతిరావు ఇనప చట్రానికి నాలుగువైపులా అద్దాలు బిగించి, లప్పం పెట్టించి తొట్టి చేయించాడు. మొదటివారం వీధి వీధంతా వచ్చి చూసింది. కూర వండుకోని చేపని పెంచడమేమిటని నవ్విన వాళ్ళూ ఉన్నారు.

అతను వాటిని సరదాకి తేలేదు. ఆ ఇంట్లో జూన్ నెల నుంచీ అత్తా కోడళ్ళ మధ్య మాటల్లేవు.

కోడలు లక్ష్మీనరసమ్మ పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు పాసైంది. నాలుగేళ్ళ తరవాత ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చినట్టు కాగితం వస్తే, సంబరంగా తెచ్చి ముందు అత్తగారి చేతికే ఇచ్చింది. సుభద్రమ్మ దాన్ని పీట మీద పెట్టేసి, "నా ఇంటి కోడలు సంచీ తగిలించుకొని రోడ్డంట తిరగక్కర్లేదు" అంది. "నీ ఇల్లా అత్తా? మన ఇల్లనుకున్నాను" అంది లక్ష్మీనరసమ్మ. మాట తిన్నగానే వచ్చింది కానీ, వెళ్ళి తగలరానిచోట తగిలింది. ఆ వారమే వెళ్ళి బడిలో చేరింది. ఆ రోజు నుంచీ ఒకరితో చెప్పాల్సింది ఇంకొకరు గణపతిరావుతో చెప్పేవారు. ఉప్పు అయిపోయిందన్న కబురు కూడా అతని మీదుగానే వెళ్ళేది.

ఆదివారం పొద్దున్నే రెండో చేప చచ్చింది.

ఈసారి సుభద్రమ్మ ఊరుకోలేదు. గణపతిరావు అరుగు మీద గడ్డం గీసుకుంటున్నాడు. ఆవిడ తొట్టి పక్కనే నిలబడి, వంటింట్లోకి వినబడేలా అంది:

"ఒరే గణపతీ, మూగజీవాల్ని తెచ్చి ఇంట్లో ఎట్టినావు. సూసుకోడానికి ఇంట్లో మనిషుండొద్దేట్రా? పొద్దు లేస్తే బడి, బడి. ఈ పాపం ఎవులకి తగుల్తాదో సెప్పమను."

గణపతిరావు కత్తి కడుగుతూ ఏమీ వినబడనట్టు ఉండిపోయాడు. లక్ష్మీనరసమ్మ తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఆయన్నెందుకత్తా మధ్యన? నన్నే అడుగు."

మూడు నెలల్లో కోడలు తనతో అన్న మొదటి మాట అది. అయినా సుభద్రమ్మ తగ్గలేదు.

"అడుగుతాను. నీ బడి పిల్లలకి పాఠాలు సెప్పడానికి తీరికుంటాది గానీ, ఈటికింత మేతెయ్యడానికి తీరికుండదా?"

"మేతెయ్యకుండా నేనొక్కరోజూ బడికెళ్ళలేదు. అన్నంలో బల్లి పడ్డ రోజు మనుషులం పస్తున్నాము గానీ, వాటికి మేత మానలేదు. నామీద కోపముంటే నన్ననాలి. చేపల్ని చంపేసినానంటే మాత్రం పడను."

"మరెందుకు సచ్చిపోతన్నాయి?"

"నాకేం తెలుసు? నువ్వు రోజంతా ఇంట్లో ఉంటావు కదా. నీకే తెలియాల."

సుభద్రమ్మ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేంతలో వీధిలోంచి "సేపలమ్మా, సేపలు" అని కేక వినబడింది. కళింగపట్నం వైపు నుంచి ప్రతి ఆదివారం బుట్టతో వచ్చే కూర్మమ్మ. పదేళ్ళుగా ఆ ఇంటికి చేపలు పోస్తున్న మనిషి. గడపలోకి వచ్చి బుట్ట దింపి, ఇద్దరి మొహాలూ చూసి, తరవాత తొట్టివైపు చూసింది.

"ఏటమ్మా, సేప పోనాదా?"

"ఇది రెండోది. నువ్వైనా సూసి సెప్పు, కూర్మమ్మా. ఆకలికే పోనాది ఇది" అంది సుభద్రమ్మ.

"ఈ రంగు సేపల సంగతి నాకు తెల్దమ్మా. వల్లో పడ్డ సేప సంగతే తెలుసు. కానీ నీరెక్కడైనా నీరే కదా." కూర్మమ్మ వంగి తొట్టిలో వేలు ముంచి వాసన చూసింది. మొహం అటు తిప్పుకుంది. "కుళ్ళు కంపు కొడతన్నాది. ఆ అడుగు సూడండి, మేత నాని ముద్దలు కట్టేసినాది. నీరు సెడితే సేపకి ఊపిరాడదు. అందుకే పైకొచ్చి నోరు తెరుస్తాది. మీరేమో ఆకలనుకొని ఇంకా ఏస్తన్నారు. ఇంతకీ మేతేసేదెవులు?"

"నేనే" అన్నారిద్దరూ ఒక్కసారే.

"నేను పొద్దున్న తలుపు తీసినాక ఏస్తాను. మళ్ళీ మద్దేన్నం" అంది సుభద్రమ్మ నెమ్మదిగా.

"నేను బడికెళ్ళేముందు రవ్వ వేస్తాను. సాయంత్రం వచ్చినాక ఇంకోసారి" అంది లక్ష్మీనరసమ్మ.

కూర్మమ్మ నోటిమీద వేలేసుకుంది. "బెత్తెడు సేపలకి రోజుకి నాలుగు మేతలా? మా పెద్ద సేపలకైనా అరగదు తల్లీ."

ఇద్దరు ఆడవాళ్ళూ గణపతిరావు వైపు తిరిగారు. సగం గడ్డానికి సబ్బు నురగతో అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సేపలు నీయే, నువ్వే పెంచమ్మా అని నాకు సెప్పినావు కదరా" అంది తల్లి.

"నాకూ అలాగే చెప్పారు" అంది భార్య.

"ఏటి సెయ్యమంటావే అమ్మా?" అన్నాడు గణపతిరావు తలొంచుకుని. "నీకిస్తే దానికి కోపం, దానికిస్తే నీకు కోపం. ఇద్దరికీ పొద్దుపోతాదని ఇద్దరికీ సెప్పినాను. రోజుకి ఒక్కసారి సిటికెడు సాలని గార్డుగారు సెప్పినారు. ఆ మాటా ఇద్దరికీ సెప్పినాను కదా. మరి మద్దేన్నం కూడా ఎందుకేసినావు?"

సుభద్రమ్మ అద్దం మీద చెయ్యి పెట్టింది. ఊపిరాడని ఆ రెండు చేపలూ అంత నీరసంలోనూ ఆవిడ చేతి దగ్గరికి వచ్చాయి.

"మద్దేన్నం ఇంట్లో ఎవులున్నార్రా?" అంది. "గోడలే కదా. అద్దం కాడికెళ్తే ఇవి నన్ను సూసి పరిగెట్టుకొస్తాయి. ఒట్టి సేతుల్తో ఎలా నిలబడతాను? అందుకే ఇంత ఏసినాను."

లక్ష్మీనరసమ్మ తొట్టికి ఇవతల వైపు వచ్చి నిలబడింది. "నేనొచ్చేసరికి నువ్వు మొహం తిప్పుకొని అరుగు మీదకి పోతావు. బళ్ళో జరిగినవన్నీ కడుపులో పెట్టుకొని వస్తాను. చెప్పుకోడానికి నాకూ ఇవే దొరికినాయి అత్తా. వీటితో మాటాడినంతసేపూ రవ్వ వేస్తూనే ఉండేదాన్ని." చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడకు చేరబడింది.

కోడలు ఏడవడం సుభద్రమ్మ చూడటం అదే మొదటిసారి. కాగితం తెచ్చిన రోజు ఈ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం తన చేతిలో పెట్టింది. కన్నతల్లికి పంపలేదు, మొగుడికైనా ముందు చూపించలేదు. తను కనీసం చదివించుకుని వినలేదు.

"ఏడుపులు తరవాత గానీ, ముందు నీరు సూడండమ్మా" అంది కూర్మమ్మ. "మొత్తం ఒక్కపాలి పారబొయ్యకండి, కొత్తనీటికి బెదిరి సస్తాయి. మూడోవంతు తీసి, తోడి నీడలో ఉంచిన బావినీళ్ళు పొయ్యండి. అడుగు ముద్ద తీసేయండి. చిటికెడు కల్లుప్పు వెయ్యండి. మూడు రోజులు మేత మాట ఎత్తకండి."

సుభద్రమ్మ కళ్ళు తుడుచుకుంది. కోడలివైపు చూడకుండానే, "ఆ బిందె ఇలా అందుకో నర్సమ్మా" అంది.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ అదే పని చేశారు. ఒకరు చెంబుతో నీళ్ళు ముంచితే ఒకరు మోశారు. పొద్దుటి ఎండ తగలకుండా తొట్టిని కిటికీ దగ్గర్నుంచి లోపలిగోడ వైపు జరిపారు. మాటలు తక్కువే. "మెల్లిగా", "చాలు", "ఇంకొంచెం వంచు". అయినా నేరుగా అన్న మాటలు.

ఆ మూడు రోజులూ సుభద్రమ్మకు కష్టంగానే గడిచాయి. చేపలు అద్దం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి మరమరాల డబ్బా వైపు పోయేది. మంగళవారానికి వాటి నోళ్ళు నీటి పైకి రావడం మానేశాయి. బుధవారానికి నీరు తేటపడింది, రెండూ అడుగున గులకరాళ్ళు ముట్టెతో కదుపుతూ తిరిగాయి.

గురువారం లక్ష్మీనరసమ్మకి ఆలస్యమైంది. బడికి ఇన్స్పెక్టరు వచ్చాడట. మేత వేయవచ్చన్న రోజు అదే. సుభద్రమ్మ వేయలేదు. అరుగు మీద కూచుని రోడ్డు చూస్తూ ఉంది. కోడలు గుమ్మమెక్కగానే లేచింది.

"పెట్టావా అత్తా?"

"లేదు. నువ్వొస్తావని ఆగినాను. పెట్టు."

"నువ్వే పెట్టు. పొద్దున్న నుంచీ కనిపెట్టుకుని ఉన్నావు."

సుభద్రమ్మ చిటికెడంటే చిటికెడే చల్లింది. ఆఖరి నలుసు దాకా తినేసేవరకూ ఇద్దరూ చూశారు. ఇంకొంచెం వేద్దామని ఇద్దరికీ అనిపించింది. ఇద్దరూ ఊరుకున్నారు.

"ఆ ఇన్స్పెక్టరేటన్నాడు?" అంది సుభద్రమ్మ పొయ్యి దగ్గర కూచుని పుల్లలు ఎగదోస్తూ.

"ఎక్కాలు అడిగాడు. మా అసిరమ్మని ఒక పిల్లుంది, పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పేసింది. ఆయనే మధ్యలో తప్పినాడు."

"అంత లావు ఆఫీసరా?" అంది సుభద్రమ్మ. నవ్వు ఆపుకోలేక పోయింది. "మొత్తం పిల్లలెంతమంది?"

"ముప్పై ఇద్దరు."

"అంతమందికి నువ్వొక్కర్తివే అరవాలేటి? గొంతు పోదూ? ఉండు, అల్లం దంచి కాసిన్ని పాలు కాస్తాను. ఆ అసిరమ్మ ఎవులమ్మాయి?"

లక్ష్మీనరసమ్మ గడపమీద కూచుని చెప్పుకుపోయింది. సుభద్రమ్మ తల ఎత్తేసరికి వీధి గుమ్మంలో కొడుకు కనిపించాడు. ఒక చెప్పు కాలికీ, ఒకటి చేతిలోనూ పెట్టుకుని, లోపలికి రాకుండా అలాగే నిలబడి వింటున్నాడు. ఆవిడ చూడనట్టే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, "ఊఁ, తరవాత?" అంది కోడలితో.