నాలుగో పన్ను

సనోబర్‌కి కుడి దవడలో నొప్పి మళ్ళీ మొదలైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే నాలుగో పన్ను కూడా పోతుంది...

మొదటిది పీకించుకున్న రెండో రోజుకే నొప్పి మాయమైంది. దోషి ఆ పన్నేనని ఇల్లంతా తీర్పు చెప్పేసింది. నెల తిరిగేసరికి మళ్ళీ అదే పోటు, కణత దగ్గర పుట్టి కంటి వెనక నుంచి దవడలోకి. ఈసారి పక్క పన్ను దోషి. ఆపై నెల దాని పక్కది. పీకినప్పుడల్లా పోతోంది, పోయినప్పుడల్లా తిరిగొస్తోంది. భర్త అఫ్రాజ్ ఆటోనగర్‌లో స్కూటర్ మెకానిక్కు. ఏ పార్టు చప్పుడు చేస్తే ఆ పార్టు విప్పెయ్యడం అతని సిద్ధాంతం. పెళ్ళామంటే ప్రాణం కాబట్టి, ఆమె పళ్ళన్నీ విప్పేదాకా నిద్రపోయేలా లేడు. ఆ యేడు ఆ ఇంట్లో బియ్యం కన్నా లవంగాలే ఎక్కువ ఖర్చయ్యాయి. లవంగ నూనె ఘాటుకి చీమలు కూడా వేరే ఇల్లు చూసుకున్నాయి.

కానీ పోయినసారి పళ్ళ డాక్టరు మూడోదాన్ని పళ్ళెంలో వేస్తూ, "ఇంకోసారి వస్తే దవడ ఎముకలో గడ్డేమన్నా ఉందేమో చూడాలమ్మా," అన్నాడు. ఆ మాట సనోబర్ గుండెల మీద రాయిలా కూర్చుంది. గడ్డంటే కోస్తారు. సగం దవడ తీసేస్తే ఆ మొహం చూసి ఐదేళ్ళ ఇఫ్రా దగ్గరికి వస్తుందా? అసలు తను బతికితే కదా... పిల్లకి జడలెవరు వేస్తారు? జ్వరమొస్తే ఎవరి ఒళ్ళో పడుకుంటుంది?

అందుకే ఆ తెల్లవారుజామున నోరు మెదపకుండా నమాజుకి నిలబడింది. సజ్దాలో నుదురు నేలకి ఆనగానే, కృష్ణా బ్రిడ్జి మీద గూడ్సు బండి పోయినట్టు పుర్రె అదిరింది. లేవలేకపోయింది.

"ఎంతసేపే?" పక్కనే నమాజు ముగించిన అత్తగారు జమాల్ బీ అంది. "అల్లాని ఏమడుగుతున్నావ్, మేడ కట్టించమనా?"

భుజం పట్టి లేపితే కోడలి మొహమంతా కన్నీళ్ళు.

"మళ్ళీనా?"

"ఆయనకి చెప్పకు అత్తమ్మా. నీకు పుణ్యముంటుంది. ఈసారి గడ్డంటారు... నాకు భయంగా ఉంది."

జమాల్ బీ చెప్పలేదు. కానీ టీ గ్లాసు చెంపకేసి నొక్కుకుంటున్న పెళ్ళాన్ని చూసి అఫ్రాజ్‌కి అర్థమైపోయింది. స్కూటర్ బయటికి తీశాడు.

పళ్ళ ఆసుపత్రిలో అఫ్రాజ్ డాక్టరుతో మాట్లాడ్డానికి లోపలికెళ్ళాడు. బయట బెంచీ మీద, వెంట వచ్చిన అత్త పక్కన సనోబర్ కూర్చుంది. కాసేపటికి అత్త చెవి దగ్గరికి వంగింది.

"అత్తమ్మా... ఇవాళ్టి నుంచి నాకు నమాజు లేదు."

నెలసరి రోజుల్లో నమాజు ఉండదు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఆ సంగతి అలాగే చెప్పుకుంటారు. "సరేలే, ఇంటికెళ్ళాక..." అనబోయి జమాల్ బీ ఆగిపోయింది. పోయిన నెలా ఇదే బెంచీ మీద ఇదే మాట చెప్పింది. అంతకు ముందు నెల స్కూటరెక్కబోతూ చెప్పింది.

"మొదటి పన్ను పీకించినప్పుడు నమాజు ఉందా, లేదా?"

"ఇప్పుడదెందుకు అత్తమ్మా?"

"చెప్పవే."

సనోబర్ కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "లేదు. ఆ సాయంత్రమే..."

అంతలో లోపలికి పిలిచారు.

జమాల్ బీ కూరగాయలవాడితో కూడా తలుపు చాటు నుంచే బేరమాడే మనిషి. వాడు మాత్రం ఏడ్చుకుంటూ పోయేవాడు. అలాంటిది ఇప్పుడు కుర్చీకీ, సిరంజి పట్టుకున్న డాక్టరుకీ మధ్యకొచ్చి నిలబడింది.

"ఆగండి డాక్టరుగారూ."

"నొప్పి తెలీదమ్మా, మత్తిస్తున్నాగా."

"అది కాదండీ." బురఖా అంచు ఆమె పిడికిట్లో నలిగింది. ఎదురుగా కన్నకొడుకు. జన్మలో ఏ మగాడి ముందూ అనని మాట. "మా కోడలికి ప్రతిసారీ నెలసరి ముందే ఈ నొప్పి వస్తోంది. అది రాగానే రెండ్రోజులకి పోతోంది. మీరు పీకారు కాబట్టి పోతోందో, పీకకపోయినా పోయేదో... నాకు తెలీదు."

అఫ్రాజ్ గోడ మీది పళ్ళ బొమ్మ వైపు తిరిగిపోయాడు. బళ్ళో కూడా అంత శ్రద్ధగా ఏదీ చదివి ఉండడు.

"అమ్మీ, ఇక్కడ అవేం మాటలు?"

"నోర్ముయ్. నువ్వు పార్టులు విప్పింది చాలు."

డాక్టరు సిరంజి పక్కన పెట్టాడు. పాత ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. "వీటిలో పెద్దగా పుచ్చు లేదు," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. "నొప్పి తగ్గుతోంది కదా అని నేనూ నమ్మేశాను. గుణదలలో నరాల డాక్టరు ఎలిజబెత్ గారని ఉన్నారు. ఇవాళే వెళ్ళండి."

ఎలిజబెత్ గారు ఓపిగ్గా అంతా విన్నారు. "ఇది మైగ్రేనమ్మా. చాలామందికి తల సగం పోటెత్తుతుంది. కొందరికి మొహంలోకి, దవడలోకి దిగి అచ్చం పన్నుపోటులా ఉంటుంది. నెలసరి ముందు ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను గబుక్కున తగ్గిపోతుంది. అది పడని వాళ్ళకి ఇలా వస్తుంది."

"గడ్డ కాదా?"

"కాదనే అనుకుంటున్నా. నీ భయం తీరడానికి స్కానింగ్ చేయిద్దాం."

"మరి ఆ మూడు పళ్ళు?"

"పాపం, అవి నిరపరాధులు."

స్కానింగ్‌లో గడ్డ లేదని తెలిసిన రోజు సనోబర్ వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అఫ్రాజ్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "నన్ను క్షమించు," అన్నాడు. జన్మలో ఎవరితోనూ అనని మాట కాబట్టి రెండుసార్లు నత్తి వచ్చింది.

మరుసటి నెల నొప్పి చెప్పినట్టే వచ్చింది. పోటు అదే, దవడలోకి దిగడమూ అదే. సనోబర్ వంటింట్లోంచే పిలిచింది. "అత్తమ్మా, వచ్చింది."

ఎవరూ స్కూటర్ తీయలేదు. జమాల్ బీ ఎలిజబెత్ గారిచ్చిన మాత్ర మింగించి, కిటికీ రెక్కలు మూసి, హాల్లోకెళ్ళి తన భర్త బడే మియాకీ, ఆయనతో క్రికెట్ చూస్తున్న సందులోని పెద్దమనుషులందరికీ వినబడేలా చెప్పింది. "కోడలికి నెలసరి తలనొప్పి. టీవీ కట్టెయ్యండి."

చివరి ఓవరు. అయినా టీవీ ఆగిపోయింది. పెద్దమనుషులు చెప్పులు చేత పట్టుకుని, మసీదులోంచి వెళ్ళినంత నిశ్శబ్దంగా వెళ్ళిపోయారు.

చీకటి గదిలో ఇఫ్రా మంచం దగ్గరికొచ్చి తల్లి చెంప మీద చెయ్యి వేసింది.

"అమ్మీ, మళ్ళీ పన్ను పీకిస్తారా?"

"లేదు బేటీ."

"మరి నొప్పో?"

సనోబర్ కళ్ళు తెరవకుండానే కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఎల్లుండికి పోతుంది."