మూడోసారి మొరాయించిన తాళం

ఉదయం ఏడింటికి టీచరమ్మ తాళం లేని బీరువా తెరిచింది. పెట్టె ఉంది. అందులో గడియారం లేదు.

భర్త చేతిగడియారం అది. బంగారు కేసు. ఆయన పోయిన దగ్గర్నుంచీ రోజూ ఏడింటికి దానికి కీ ఇవ్వడం, చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆవిడకు అలవాటు. ఇంట్లో ఇంకో చప్పుడంటూ ఉంటే అదొక్కటే. నిన్న ఉదయం కూడా విన్నది. ఆ తర్వాత కంటి ఆసుపత్రికి వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పది దాటింది. అప్పటికే హెడ్ కానిస్టేబుల్ కేసు తేల్చేసి, దొంగను స్టేషన్లో కూర్చోబెట్టేశాడు. మహా చురుకైనవాడు లెండి. ఆలోచిస్తూ టైం పాడుచేసుకునే రకం కాదు.

"తాళాలు బాగుచేసేవాడు సార్. నెల్లో మూడుసార్లు వచ్చాడీ ఇంటికి. ఏ తాళమైనా నెలకు మూడుసార్లు చెడుతుందా? వాడే చెడగొట్టి, వాడే బాగుచేసి, మధ్యలో డూప్లికేట్ కీ చేసుకున్నాడు."

"ఈ లెక్క నీదేనా?"

"సెక్రటరీ గారు చెప్పారు సార్."

అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఎదురు ఫ్లాట్ గుమ్మంలోనే ఉన్నాడు. నున్నటి బట్టతల, మడత నలగని చొక్కా. "మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండీ. దారినపోయేవాణ్ని ఇంట్లోకి రానిచ్చి, కూర్చోబెట్టి టీలు పోస్తే ఇలాగే ఉంటుంది."

"ఆయన అలాంటివాడు కాదు," అంది టీచరమ్మ.

"మరి తాళం అన్నిసార్లు ఎందుకు చెడిందమ్మా?" అన్నాడు హెడ్డు.

ఆవిడ కొంగు సర్దుకుంటూ పక్కకు తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ తలుపు చూశాడు. ఎక్కడా గీత లేదు. ఆవిడ తాళంచెవి తీసుకుని తిప్పాడు. మొరాయించింది. కాస్త గట్టిగా తిప్పితే జిడ్డుగా కదిలింది. బయటికి లాగి చూస్తే పళ్ల సందుల్లో నల్లటి ముద్ద. వాసన చూశాడు. మల్లెపూల వాసన!

ఆ వాసన ఈ గదిలో ఇంకోచోట కూడా ఉంది. టీచరమ్మ చక్కగా దువ్వి ముడేసుకున్న తెల్లజుట్టులో.

ఆయన తాళంచెవి ఆవిడకు తిరిగిచ్చాడు. ఇల్లంతా చూస్తానని లోపలికి వెళ్లాడు. వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు, చిన్న గిన్నె. ముందుగది బల్లమీద మాత్రం రెండు టీకప్పులు, శుభ్రంగా తుడిచి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఆ రెండో కప్పు కేసి చాలాసేపు చూశాడు. ఆయనా ఒంటరివాడే. ఇంటికెళితే ఒక కప్పే కడుక్కోవాలి.

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?"

"సెక్రటరీ గారి దగ్గర. నాకేమన్నా అయితే తలుపు పగలగొట్టాల్సిన పని లేకుండా, ఏడాది కింద ఇచ్చాను."

"మీరెప్పుడైనా వాడారా?" ఇన్‌స్పెక్టర్ ఎదురుగుమ్మం వైపు తిరిగాడు.

"రామ రామ! ఇచ్చిన రోజు మేకుకు తగిలించానండీ. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు."

"అలాగే, మేకుతో సహా చూద్దాం. అంతదాకా మీరిక్కడే ఉండండి. హెడ్డూ, ముందు నువ్వెళ్లి తాళాలాయన్ని తీసుకురా."

తాళాలాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పొద్దుట్నుంచీ బెంచీమీద కూర్చుని మొహం పీక్కుపోయింది. "సార్, కేసు రాశారంటే నా పని అయిపోయినట్టే. దొంగ అన్న పేరొచ్చాక తాళాలు చూసేవాణ్ని ఎవరు గడప తొక్కనిస్తారు?"

"తాళం ఎందుకు చెడుతోంది?"

"లోపల పిన్నులు బిగుసుకుపోతున్నాయి సార్. శుభ్రం చేసి, పెన్సిల్ ముల్లు నూరి ఆ పొడి వేస్తాను. పొడిగా ఉంటేనే తాళానికి ఆయుష్షు. దానిమీద నూనె పడితే బురదైపోతుంది."

"నూనె ఎవరు పోస్తున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "తెలీదు సార్."

"నీకు తెలుసు. జైలుకెళ్లబోతున్నావు, అయినా చెప్పవేం?"

టీచరమ్మ కుర్చీ పట్టుకుని లేచింది.

"నేనే పోశాను. నా తలనూనె. మూడుసార్లు." సెక్రటరీ ముందు ఈ మాట చెప్పాల్సివచ్చినందుకు ఆవిడకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా ఆగలేదు. "మొదటిసారి నిజంగానే పట్టేసింది. ఈయనొచ్చి గంటసేపు పనిచేస్తూ కబుర్లు చెప్పాడు. తాళం బాగైంది, ఈయన వెళ్లిపోయాడు. తాళం బాగుంటే మా ఇంటికి ఎవరొస్తారు? అందుకని తర్వాత రెండుసార్లు పోశాను. మొన్న సాయంత్రం మళ్లీ పోశాను. ఈయన్ని వదిలెయ్యండి బాబూ."

"నాకు రెండోసారే వాసన తెలిసిపోయిందమ్మా," అన్నాడు తాళాలాయన మెల్లగా. "ఆ మాట నలుగురిలో ఎలా అనేది?"

హెడ్డు చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఎదురు ఫ్లాట్లోకి వెళ్లి మేకు మీది తాళంచెవి రుమాలుతో పట్టుకొచ్చాడు. పళ్ల సందుల్లో నల్లటి ముద్ద. ఇంకా తడారలేదు.

"ఏడాదిగా మేకు దిగని తాళంచెవికి ఈ బురద ఎక్కడిది సెక్రటరీ గారూ? ఈ నెలకు ముందు ఆ తాళంలో చుక్క నూనె లేదు. పైగా మల్లెపూల తలనూనె. మీకు దాంతో పనేముంది?"

సెక్రటరీ చెయ్యి దానంతటదే బట్టతల మీదికి వెళ్లింది.

"నిన్న ఆవిడ ఆసుపత్రికెళ్లడం మీ గుమ్మంలోంచే చూశారు. ఎక్కడ దాచారు?"

"బియ్యం డబ్బాలో," అన్నాడు, పైకి వినపడీ వినపడనట్టు. "ఒక్కతే మనిషి, బంగారు గడియారం ఎందుకులే అనుకున్నాను."

హెడ్డు డబ్బాలోంచి తీసుకొచ్చిన గడియారాన్ని టీచరమ్మ చేతిలోకి తీసుకుంది. ఆగిపోయి ఉంది. కీ ఇచ్చి, తాళాలాయన చెవి దగ్గర పెట్టింది. "వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా. వారానికోసారి వచ్చి వింటాను. నూనె మాత్రం పొయ్యకండి, తాళం చచ్చిపోతుంది."

ఆవిడ కళ్లు తుడుచుకుని, బల్లమీది కప్పులు తీసుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ తన ఇంటి తలుపు తీశాడు. తాళం ఎక్కడా పట్టకుండా మెత్తగా తిరిగింది. లోపల చీకటి. ఎప్పుడూ ఉండేదే అయినా ఇవాళెందుకో గడప దాటబుద్ధి కాలేదు. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"మళ్లీ ఏమైంది సార్?" అటువైపు గొంతులో భయం.

"ఏం లేదు. మా ఇంటి తాళం ఒకసారి చూస్తావా?"

"మొరాయిస్తోందా?"

"లేదు. బాగానే తిరుగుతోంది."

అటువైపు గొంతులో భయం పోయింది.

"రేపు సాయంత్రం వస్తాను సార్. టీలో పంచదార కాస్త తక్కువ వెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ లైటు వేసి వంటింట్లోకి వెళ్లాడు. రెండో కప్పు ఎక్కడ పెట్టాడో వెతకాలి.