చెరపని అడుగులు

చేతిలో మూడువేల నాలుగువందల రూపాయలతో హేమంత్ వ్యాపారం మొదలుపెట్టాడు. సినిమావాళ్లకు షూటింగ్ స్థలాలు వెతికిపెట్టే వ్యాపారం. సౌకార్‌పేటలో నాన్న పసుపు దుకాణంలో కూర్చోవడమంటే వాడికి రోత. "మూడు తరాలుగా పసుపు తూస్తా ఉండారు. ఒక్కడి చూపైనా తక్కెడ దాటి పోయిందా?" అని తల్లి దగ్గర ఎగతాళి చేసేవాడు.

అది తొంభైనాలుగు వేసవి. డబ్బు బస్సు టిక్కెట్లకూ ఫొటోలకూ కరిగిపోయింది. కొడుకు జేబు ఖాళీ అయిందని నాన్నకు తెలిసింది. గల్లాపెట్టె పక్కన వాడి పాత పీటను శుభ్రంగా తుడిపించి ఉంచాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి ఆ సాయంత్రం రామచంద్రమూర్తిని ఒప్పించి తీరాలి. ఆయన ప్రొడక్షన్ మేనేజరు. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లుగా కోడంబాకంలోనే ఉన్నాడు. పాట తీయడానికి మనిషి అలికిడి లేని తీరం కావాలన్నాడు. ఆయనకు నచ్చితే అడ్వాన్సు. నచ్చకపోతే తెల్లారేసరికి పీట.

ఎన్నూరు దాటాక తారురోడ్డు ఆగిపోయినచోట అంబాసిడర్ ఆగింది. డ్రైవరు జనార్దనం సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. అక్కణ్ణుంచి సరుగుడు తోపులోంచి ఇసుకదారి. చాలాసేపు నడిస్తే సముద్రం.

దారి మొదట్లో పుల్లలమోపు పక్కన ఒకామె చతికిలబడి ఉంది. పేరు కోకిల. గొంతు మాత్రం రంపం.

"సామీ, కొమ్మ తీసుకుపోండి. రెండు రూపాయలు."

"కొమ్మ దేనికి?" అన్నాడు హేమంత్.

"ఎనక నడిచేవాళ్లు ఈడ్చుకుంటా పోవాల. అడుగులు చెరిగిపోయేదానికి. సముద్రంలో పోయినోళ్లకి నడక మరిచిపోతాది. జాడలు కనిపిస్తే వాటిమీద నేర్చుకుంటారు."

హేమంత్ పకపకా నవ్వాడు. "తోపంతా కొమ్మలే పడుండాయి, రెండు రూపాయలంట! ఇంత లాభం మా నాయన కూడా ఎరగడు సార్."

"ఆ రెండు రూపాయలు పడేయవయ్యా," అన్నాడు మూర్తి. "కొబ్బరికాయ కొట్టందే మేం కెమెరా మూత కూడా తియ్యం."

"డబ్బు కోసం కాదు సార్. ఈ తోపులో గాలి మోతా అలల మోతా ఒకటే. ఏ పక్క సముద్రమో తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మన జాడలే మనకి దారి. వాటినే చెరుపుకుంటామా?"

కోకిల వాణ్ణి తలనుంచి కాళ్లదాకా చూసింది. పక్కకు తిరిగి వక్క ఉమ్మేసింది. "కాళ్లు నీవి," అంది.

నడిచారు. హేమంత్ కాళ్లకు గుడ్డబూట్లు, కుడి మడమ బయటివైపు అరిగిపోయినవి. మూర్తివి తోలుచెప్పులు. రాలిన సరుగుడు ఈనెల మధ్య తెల్లటి ఇసుక సన్నగా, పాపిడిలా సాగింది. ఎండిన చేపల వాసన, ఉప్పువాసన. పైన గాలి ఆగకుండా ఉస్సుమంటోంది. పిట్ట అన్నది లేదు. దారిపొడవునా మూర్తి సణుగుతూనే ఉన్నాడు. "ఇంతదూరం హీరోయిన్‌ని నువ్వు మోసుకొస్తావా?"

సముద్రం కనబడగానే సణుగుడు ఆగింది. మైళ్లకొద్దీ తీరం. ఒక్క పడవ లేదు, ఒక్క కుక్క లేదు. బంగారంలాంటి వెలుగు.

"ఫరవాలేదు," అన్నాడు మూర్తి. ఆయన నోట అదే పెద్ద మెప్పు. "రేపు పొద్దున్నే ఆఫీసుకి రా. అడ్వాన్సు రాయిస్తాను."

హేమంత్‌కు అప్పుడే నాన్న మొహం కళ్లముందు ఆడింది. పీటను అటక మీదకి ఎక్కించమని ఎంత తీరిగ్గా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు.

పొద్దు వాలుతుండగా వెనక్కి బయల్దేరారు. హేమంత్ ముందు, మూర్తి వెనక. తోపులో అన్ని పక్కలా సముద్రమే మోగుతోంది. కానీ జాడలున్నాయి. బూట్లవి, చెప్పులవి.

బూటుజాడల మీద ఇంకేవో ఉన్నాయి.

చెప్పుల్లేని కాళ్లు. తడి కాళ్లు. హేమంత్ జాడలు సముద్రంవైపు పోతుంటే, వాటిమీదే పడ్డ ఈ అడుగులు ఊరివైపు పోతున్నాయి. వేళ్లు లోపలికి తిరిగి, మడమ తేలిపోయి... అప్పుడే లేచి నిలబడ్డ పసివాడి అడుగుల్లా. కానీ పాదం పసివాడిది కాదు.

"ఎవరివయ్యా ఇవి?" మూర్తి గొంతు తగ్గింది.

"ఆ పుల్లలామె వచ్చి పోయుంటాది సార్. మనల్ని భయపెట్టి రేపు నాలుగు రూపాయలు గుంజేదానికి."

కొంత దూరం పోయాక వేళ్లు తిన్నబడ్డాయి. ఇంకొంత దూరం పోయాక మడమలు ఆనాయి. ఇంకా ముందుకి... అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం సరిగ్గా హేమంత్ నడిచినంత. కుడి మడమ బయటివైపు లోతుగా నొక్కుకుంది. హేమంత్ తన కుడి బూటు తిప్పి చూసుకున్నాడు.

మలుపు తిరిగాక వట్టికాళ్లు లేవు. బూటుజాడలే. మడమ అరిగిన బూట్లు. ఊరివైపు.

"దా సార్!" ముందునుంచి కేక వినబడింది. "కారు ఈడే ఉంది!"

అది హేమంత్ గొంతు.

"వస్తున్నానయ్యా, ఉరకమాకు," అన్నాడు మూర్తి. హేమంత్ భుజాన్ని రాసుకుంటూ దాటిపోయాడు. మొహంలోకి చూడను కూడా లేదు.

హేమంత్ అరిచాడు. నోట్లోంచి వచ్చింది సరుగుడు గాలి మోత. ఉస్సు... అంతే.

దూరంగా కారు తలుపుల చప్పుడు. ఒకటి... రెండు. ఇంజను మొరాయించి అందుకుంది. రేపు పొద్దున్నే ఆ ఆఫీసుకి ఎవరో పోతారు. రాత్రికి సౌకార్‌పేటలో ఎవరో కంచం ముందు కూర్చుంటారు. అమ్మ వడ్డిస్తుంది.

వెనక్కి చూశాడు. తీరంనుంచి ఇక్కడిదాకా తిరిగొచ్చిన జాడలు మూర్తి చెప్పులవి మాత్రమే.

పక్కన చెట్లలోంచి కోకిల దారిలోకి దిగింది. నెత్తిన మోపు, చేతిలో కొమ్మ. వాడికి రెండు మూరల ముందు నడుస్తూ, వాడున్న వైపు తల తిప్పకుండానే గొణుక్కుంది. "రెండు రూపాయలకి గతిలేని నాయాళ్లు." సర్... సర్... కొమ్మ ఈడ్చుకుంటూ ఊరివైపు సాగిపోయింది. ఆమె వెనక ఇసుక పలకలా చదునైపోయింది.

ఆమె దారిలోకి దిగినచోటికి ఇవతల ఊరివైపు తిరిగిన బూటుజాడ ఒకే ఒక్కటి మిగిలింది. హేమంత్ కాలి ముందే ఉంది. సముద్రంలోంచి వచ్చినది నేర్చుకున్నట్టే తనూ నేర్చుకోవాలి. చెరిగిపోకముందే అందులో కాలు పెట్టాలి.

కుడికాలు పైకెత్తాడు.

దాన్ని ఎలా దించాలో గుర్తుకు రాలేదు.